మొహమాటపు జనరల్

మా కౌంటీలో ప్రతి ఊరికీ ఒక చర్చి, ఒక పబ్బు, ఒక రిటైర్డ్ జనరల్ ఉంటారు. చర్చి కప్పు కారుతుంది, పబ్బులో బీరు పలచగా ఉంటుంది, జనరల్‌కి చెవుడుంటుంది. మా నెదర్ కూంబ్‌కి ఈ మూడూ ఏ లోటూ లేకుండా ఉండేవి. మా జనరల్ పేరు హంఫ్రీ వాల్డ్రన్. మేజర్ జనరల్. పాలవాడి దగ్గర్నుంచి పాదిరిగారి దాకా అందరూ ఆయన్ని హోదాతోనే పిలిచేవారు గానీ ఆయన్ని చూసి భయపడ్డవాళ్ళు ఊళ్ళో ఒక్కరూ లేరు. ఆయన కుక్క కూడా భయపడేది కాదు.

నా పేరు లెన్ హాస్కెల్. సైన్యంలో పదహారేళ్ళు ఆయన కారు నడిపాను. వెనక సీట్లో కూర్చున్న పెద్దమనుషులు ముందు సీట్లోవాడికి చెవులున్న సంగతి మరిచిపోతారు. అందుకని ఆయన గురించి చెప్పడానికి నాకున్న అర్హత ఇంకెవరికీ లేదని నా నమ్మకం. ఆయన పోయినప్పుడు లండన్ పేపర్లో పదహారు వాక్యాలు వేశారు. అన్నీ నిజాలే. చదివి చూస్తే అందులో ఆయనెక్కడా కనపడలేదు. నాకు ఒళ్ళు మండి ఇది రాస్తున్నాను.

వాల్డ్రన్ల ఇంట్లో ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి పొలాలు, రెండోవాడికి చర్చి, మూడోవాడికి పటాలం. వాళ్ళ వంశంలో తరతరాలుగా నడుస్తున్న పంపకం అది. మూడోవాడికి తుపాకి మోత వింటే తలనొప్పి వస్తుందా అని ఎవరూ అడగలేదు. వస్తుందని ఆయనా చెప్పలేదు. అడగనిదే చెప్పకూడదు, అడిగినా సాంతం చెప్పకూడదు అనేది మా వైపు పెద్దింటి పెంపకం. అలా ఇరవయ్యో ఏట వాళ్ళ నాన్న, తాత పనిచేసిన వోల్డ్‌షైర్ పటాలంలో చేరాడు.

అప్పుడు ప్రపంచమంతా యుద్ధం జరుగుతోంది. వీరుడు కావడానికి అంతకంటే మంచి రోజులు ఎవరికీ రావు. కానీ యుద్ధం ఆఖరి నెలల్లో మా పటాలం ఫ్రాన్స్ ఒడ్డున దిగిన రోజున లెఫ్టినెంట్ వాల్డ్రన్ గవదబిళ్ళలతో రెండు బుగ్గలూ బూరెల్లా పొంగి ఆస్పత్రిలో పడుకుని ఉన్నాడు. నయమై, ఓడెక్కి, రైలెక్కి, లారీ ఎక్కి జర్మనీలో తన కంపెనీని చేరుకునేసరికి అక్కడ సైనికులు జర్మన్ పిల్లలతో ఫుట్‌బాల్ ఆడుతున్నారు. ముందురోజే యుద్ధం అయిపోయింది. తర్వాత ఇంకో రెండు యుద్ధాలకి బయల్దేరాడు. ఒకటి ఆయన ఓడ దారిలో ఉండగా ముగిసింది, రెండోది ఆయన్ని చూసి మొదలవడమే మానేసింది. ముప్పై మూడేళ్ళ సైనిక జీవితంలో ఆయన చుట్టూ పేలిన తుపాకులన్నీ గౌరవ వందనానికి పేలినవే.

మరి జనరల్ ఎలా అయ్యాడంటే, జెండాలు దించి అయ్యాడు.

అప్పట్లో మా ప్రభుత్వానికి దేశాలు ఒదులుకునే పని ఎక్కువగా ఉండేది. సూర్యాస్తమయం వేళ బ్యాండు వాయిస్తుండగా మా జెండా కిందికి, వాళ్ళ జెండా పైకి. చూడ్డానికి చిన్న పనే. కానీ ఆఫ్రికాలో ఒకచోట తాడు కప్పీలో ఇరుక్కుపోయింది. మా జెండా సగం దిగి ఆగిపోయింది. ఈకల టోపీ పెట్టుకున్న గవర్నరుగారు సెల్యూట్ కొట్టిన చెయ్యి దించడానికి లేక పదకొండు నిమిషాలు అలాగే నిలబడ్డాడు. ఎదురుగా లక్షమంది జనం. "వీళ్ళు ఇక పోరర్రా!" అని ఎవరో అరిస్తే మైదానమంతా నవ్వు. చివరికి మేజర్ వాల్డ్రన్ బూట్లు విప్పి, తనే స్తంభమెక్కి తాడు విడదీశాడు. లండన్‌లో ఎవరో ఆయన పేరు రాసి పెట్టుకున్నారు. అప్పటినుంచి ఎక్కడ జెండా దించాల్సి వచ్చినా ఆయనకే కబురు. ఆయన జేబులో చిన్న డబ్బాతో గ్రీజు పెట్టుకుని, మూడు రోజులు ముందే వెళ్ళి, తాడుకి పూసి, దుప్పటి కట్టి పైకీ కిందికీ లాగి సాధన చేయించేవాడు. సామ్రాజ్యం ఒక్కో మెట్టు దిగుతుంటే ఆయన ఒక్కో మెట్టు ఎక్కాడు.

నేను ఆయన దగ్గర చేరింది ఆ ఆఫ్రికా జెండా తర్వాత. మూడో దేశంలో కార్యక్రమం ముగించుకుని కార్లో వస్తున్నప్పటి మాటలు నాకింకా గుర్తు.

"ఎలా దిగిందోయ్ హాస్కెల్?"

"వెన్నపూస జారినట్టు దిగింది సార్."

"వాళ్ళ ప్రధానమంత్రి భార్య కన్నీళ్ళు పెట్టుకుంది, చూశావా? మనమంటే అంత అభిమానం ఉందనుకోలేదు."

"అవి సంతోషంతో వచ్చినవి సార్."

"ఓహో. అయినా మంచిదేలే. ఏడుపంటూ వస్తే సంతోషంతోనే రావాలి," అన్నాడు.

ఇలా అంటున్నానని ఆయన్ని తేలిగ్గా చూడకండి. పటాలంలో ఆరు వందల నలభై మందికీ పేర్లు పెట్టి పిలిచేవాడు. ఎవడి తల్లికి మోకాళ్ళ నొప్పులో, ఎవడి పెళ్ళాం పుట్టింటికి వెళ్ళిపోయిందో అన్నీ గుర్తు. ఆఖరి జవాను పళ్ళెంలో కూడు పడేదాకా ఆఫీసరు తినకూడదని మా సైన్యంలో ఒక ఆచారం ఉంది. చాలామంది ఆఫీసర్లు దాన్ని గడియారం చూసుకుంటూ పాటించేవారు. ఈయన వరసలో చివర నిలబడి, వెనక్కి తిరిగి తిరిగి చూసుకుని, ఎవడైనా పరిగెత్తుకొస్తే వాణ్ణి ముందుకి తోసేవాడు. ఎన్నోసార్లు ఆయన వంతుకి అడుగున మాడిన బంగాళాదుంపలే మిగిలేవి.

మా సార్జెంట్ మేజర్ టెడ్ బ్రాకెన్ అనేవాడు: "ఈయనతో యుద్ధానికి పోతే ఓడిపోతాం రా. కానీ హాయిగా ఓడిపోతాం." బ్రాకెన్‌ది మా పక్క వీధే. వాళ్ళ నాన్న మా పటాలమే, వాళ్ళ తాత మా పటాలమే. బ్రాకెన్ పొగిడితే ఇలాగే ఉంటుంది. ఆయన కోసం ప్రాణమిచ్చేవాడు గానీ ఆయన ఎప్పుడూ అడిగే మనిషి కాదు.

అరవై ఎనిమిదిలో ఆయన బ్రిగేడియర్‌గా లండన్ సైనిక కచేరీలో పనిచేస్తున్నాడు. దేశాలు పోయాయి కనుక వాటిని కాపలా కాసే పటాలాలు కూడా పోవాలని ప్రభుత్వం అనుకుంది. ఆరు కౌంటీల పటాలాల్లో ఒకదాన్ని ఎత్తెయ్యాలి. ఏది ఎత్తెయ్యాలో తేల్చడానికి ఆరు పటాలాల నుంచీ ఒక్కో బ్రిగేడియర్‌తో కమిటీ వేశారు. దానికి పెద్ద సర్ పెరెగ్రిన్ లాక్ అనే మూడు నక్షత్రాల జనరల్. చూస్తే చర్చిలో పాట పాడే మనిషిలా ఉండేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం వాల్డ్రన్‌గారు కచేరీ మెట్లు దిగి కార్లో కూర్చున్నాడు. టోపీ తియ్యలేదు. నది ఒడ్డున చాలా దూరం వెళ్ళాక నోరు విప్పాడు.

"హాస్కెల్, నేనొక తెలివితక్కువ పని చేసినట్టున్నానోయ్."

"ఏమైంది సార్?"

"ప్లేటులో ఆఖరి శాండ్‌విచ్ మిగిలితే నువ్వేం చేస్తావు?"

"తినేస్తాను సార్."

"అలా కాదు. నలుగురిలో ఉన్నప్పుడు."

"మీరు తీసుకోండంటే మీరు తీసుకోండంటాం సార్. పిల్లి తినేదాకా."

"కదా! నేనూ అదే అనుకున్నాను." టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "అందరూ తమ తమ పటాలాల గొప్పలు చెప్పుకున్నారు. మొదటిది రాణిగారిదన్నారు, రెండోది వాటర్లూ యుద్ధం గెలిచిందన్నారు. నా వంతు చివర వచ్చింది. అందరూ చెప్పిందే మళ్ళీ చెప్తే ఏం బావుంటుంది? అందుకని, 'మీకంత ఇబ్బందైతే పోనీ మావాళ్ళని తీసెయ్యండి' అన్నాను. అబ్బే, అదెలా కుదురుతుంది వాల్డ్రన్, వోల్డ్‌షైర్ లేకుండా సైన్యమేమిటి, అంటారనుకున్నాను. ఎవరైనా అంటారు కదా?"

"మరి ఏమన్నారు సార్?"

"'ఎంత పెద్ద మనసయ్యా నీది' అన్నాడు సర్ పెరెగ్రిన్. రాసేసుకున్నారు. తర్వాత భోజనానికి లేచారు."

నేను కారు రోడ్డు పక్కన ఆపేశాను. మొహమాటానికి పోతే కడుపైందని మా అమ్మమ్మ ఎవరి గురించో అంటుంటే చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు. ఆ రోజు అర్థమైంది.

"వెనక్కి తిప్పుతాను సార్. వెళ్ళి కాదని చెప్పండి."

"ఇచ్చినమాట వెనక్కి తీసుకోమంటావా? బావుండదోయ్," అన్నాడు. నేనెంత చెప్పినా బావుండదనే అన్నాడు.

మరుసటి ఏడాది పటాలం రద్దయింది. దాని పతాకాలని కౌంటీ పెద్ద చర్చిలో గోడకి తగిలించే కార్యక్రమం ఎవరు నడపాలి? ఈ పనిలో ఆరితేరినవాడు దేశంలో ఒక్కడే ఉన్నాడు. ఆయనే వచ్చాడు. ఏ తాడూ ఇరుక్కోలేదు. పెళ్ళాం చచ్చిన రోజున కూడా ఏడవని బ్రాకెన్ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. వాడికి నలభై రెండేళ్ళు, పటాలం తప్ప ఇంకో బతుకు తెలీదు. తర్వాత ఒక బడిలో గంట కొట్టే పనికి కుదిరాడు. వాల్డ్రన్‌గారికి మేజర్ జనరల్ పదవిచ్చి, అయిదేళ్ళు ఏదో కుర్చీలో కూర్చోబెట్టి, పింఛనిచ్చి పంపేశారు. ఆయన మా ఊరొచ్చి ఇల్లు కొనుక్కున్నాడు. ఆయనతోబాటు నేనూ వచ్చేశాను.

ప్రతి ఫిబ్రవరిలో పటాలం పుట్టినరోజున పాతవాళ్ళమంతా బ్లాక్ హార్స్ పబ్బులో మధ్యాహ్నం భోజనానికి కలిసేవాళ్ళం. భోజనంలో ఆఖరి పుడ్డింగ్ వచ్చేముందు రాణిగారి పేర తాగేవాళ్ళం, పోయినవాళ్ళ పేర తాగేవాళ్ళం. ఆ తర్వాత బ్రాకెన్ లేచి, తను కనిపెట్టిన మూడో ఆచారం మొదలుపెట్టేవాడు.

"మన పటాలాన్ని అమ్మేసిన ఆ లండన్ గుమాస్తాగాడు ఎవడో, వాడి పేరు నాకు తెలీదు. తెలిసిన రోజున వాడుండడు. వాడు నరకంలో కుళ్ళాలి!"

"కుళ్ళాలి!" అని అందరం లేచి గ్లాసు ఖాళీ చేసేవాళ్ళం. బల్ల కొసన జనరల్ కూడా లేచి, గ్లాసెత్తి, తన నరకానికి తనే మర్యాదగా తాగి కూర్చునేవాడు. ఒక ఏడు కాదు, రెండేళ్ళు కాదు, ఇరవై తొమ్మిదేళ్ళు. నేనూ ఎదురుగా నిలబడి తాగేవాణ్ణి. చెప్పొద్దూ, మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత ఆయన చుక్క మిగలకుండా తాగడం చూసి నవ్వడం మానేశాను. భార్య సెలియా పోయాక ఆయనకి ఆ భోజనం తప్ప వేరే పండగ లేదు. జనవరి నుంచే కోటు ఉతికించుకునేవాడు.

మా దేశంలో ప్రభుత్వపు రహస్య కాగితాలు ముప్పై ఏళ్ళు తాళం వేసి, ఆ తర్వాత ఎవరొచ్చినా చదువుకోండని బయట పెడతారు. తొంభై ఎనిమిది చివర్లో జనరల్ నన్ను టీకి పిలిచాడు. అప్పటికే డెబ్భై ఏడేళ్ళు, తుంటి అరిగి కర్ర పట్టుకున్నాడు. వానల గురించి మాట్లాడాడు. గులాబీల గురించి మాట్లాడాడు. మూడో కప్పు పోశాక,

"జనవరిలో ఆ కమిటీ కాగితాలు బయటికొస్తాయోయ్," అన్నాడు.

"ఎవరు చదువుతారు సార్ ఆ చెత్త?"

"ఎవడో ఒక చరిత్ర పంతులు చదువుతాడు. పేపర్లో రాస్తాడు. బ్రాకెన్ చూస్తాడు. వాళ్ళకి నా నోటితో చెప్పడం నా ధర్మం. కానీ ముందు... నువ్వొకసారి వెళ్ళి అందులో ఏముందో చూసొస్తావా? నీకు వీలైతేనే సుమా. ఎంత అసహ్యంగా రాశారో తెలిస్తే దానికి తగ్గట్టు చెప్తాను."

ఎనభై ఏళ్ళకి దగ్గరపడ్డ మనిషికి ఈ భూమ్మీద మిగిలింది ఇరవై ఆరుమంది ముసలి సిపాయిల మర్యాద. అది పోతుందని తెలిసీ తనే వెళ్ళి ఒప్పుకుంటానంటున్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. వెళ్తానన్నాను.

లండన్ శివారులో ఆ పాత కాగితాల కచేరీ ఉంది. పెన్ను పట్టుకెళ్ళనివ్వరు, పెన్సిలే. ఒక అమ్మాయి బూడిదరంగు ఫైలు తెచ్చి ముందు పెట్టింది. కమిటీ రాతలు దొరికాయి: "బ్రిగేడియర్ వాల్డ్రన్ ఉదారంగా తమ పటాలాన్ని సూచించారు." అంతే, ఒక్క వాక్యం. పెద్ద అసహ్యంగా లేదు. ఊపిరి పీల్చుకుని ఫైలు మూయబోతూ వెనక్కి తిప్పాను. కమిటీ కూర్చోవడానికి మూడు వారాల ముందు తేదీతో ఇంకో కాగితం ఉంది. కింద సర్ పెరెగ్రిన్ సంతకం. నాకు అక్షరం అక్షరం గుర్తుంది.

"వోల్డ్‌షైర్‌ని తీసెయ్యాలని మంత్రిగారు నాలుగో తేదీనే నిర్ణయించారు. కమిటీ చెప్పినట్టు బయటికొస్తే ఆ కౌంటీలో గొడవ తక్కువ. వాల్డ్రన్‌ని ఆఖరున మాట్లాడనిద్దాం. మర్యాదస్తుడు, తనంతట తానే ఇచ్చేస్తాడు. ఇచ్చాక ఇదంతా తన చేతులారా జరిగిందనుకుని బతికినన్నాళ్ళూ నోరు మూసుకుంటాడు."

మూడుసార్లు చదివాను. పెన్సిల్ విరిగింది. ఆ అమ్మాయి వచ్చి మంచినీళ్ళు కావాలా తాతగారూ అని అడిగింది. నకలు కావాలన్నాను.

రైల్లో వస్తూ దారంతా లెక్కలు వేసుకున్నాను. ఈ కాగితం చూపిస్తే ఆయన గుండె మీద ముప్పై ఏళ్ళ బండ దిగిపోతుంది. కానీ దిగాక అక్కడేం మిగులుతుంది? ఆయన జీవితంలో పేలిన గుండు లేదు, గెలిచిన యుద్ధం లేదు. ఆయన నోటిమాట మీద నిజంగా జరిగిన పెద్ద పని ఈ ఒక్కటే. అదీ ఆయన చేసింది కాదని తేలింది. అయినా నాకు దాచడం చేతకాదు. తిన్నగా వెళ్ళి చేతిలో పెట్టాను.

కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. కిటికీలోంచి తోట చూశాడు. మళ్ళీ చదివాడు.

"పెరెగ్రిన్‌కి నా గురించి బాగా తెలుసోయ్. పరీక్ష రాసినట్టు రాశాడు," అన్నాడు. కళ్ళజోడు తీసి, "అయితే నాతో పనే లేదన్నమాట వాళ్ళకి."

"లేదు సార్. మీరు నోరెత్తకపోయినా జరిగేదే. ఫిబ్రవరిలో ఇది బ్రాకెన్ ముందు పెడదాం. అందరం కలిసి ఆ సర్ పెరెగ్రిన్ పేర తాగుదాం. వాడైతే పోయి, నరకానికి ముందే చేరిపోయాడు కూడాను."

ఆయన నవ్వాడు. కాగితం మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఒప్పుకున్నాడనే అనుకున్నాను.

ఆ ఏడు భోజనానికి ఇరవై ఆరుమందీ వచ్చారు. వేపుడు మాంసం, క్యాబేజీ అయ్యాయి. వేడి పుడ్డింగ్ ఇంకా రాలేదు. బ్రాకెన్ మీసం దువ్వుకుని లేచి, "మన పటాలాన్ని అమ్మేసిన ఆ లండన్ గుమాస్తాగాడు..." అని మొదలుపెట్టాడు.

"ఒక్క నిమిషం బ్రాకెన్," అన్నాడు జనరల్. కర్ర ఆనించుకుని లేచాడు. గ్లాసు ముట్టుకోలేదు. "లండన్‌లో గుమాస్తా ఎవరూ లేరు. మన పటాలాన్ని ఇచ్చేసింది నేను. కమిటీలో నా నోటితో అన్నాను. నా మెడ మీద ఎవరూ కత్తి పెట్టలేదు. ఇన్నేళ్ళూ మీతో కూర్చుని తాగాను, అది దానికంటే తప్పు. ఇక మీ ఇష్టం."

నేను ఆయన జేబు వంక చూస్తున్నాను. ఇప్పుడు తీస్తాడు, ఇప్పుడు తీస్తాడు అని. ఆయన కూర్చున్నాడు.

బ్రాకెన్ ఎత్తిన గ్లాసు అలాగే పట్టుకున్నాడు. "అన్నారా? ఎందుకన్నారు సార్?"

"మర్యాదకి."

"మర్యాదకా! ఆరు వందల నలభై మందిమి సార్. మమ్మల్ని ఒక్క మాట అడిగారా?"

"లేదు."

"మా నాన్న ఎముకలు ఈ పటాలం కోసం ఎక్కడున్నాయో తెలుసా మీకు?"

"తెలుసు టెడ్."

"టెడ్ అనకండి. ముప్పై ఏళ్ళు నా పక్కన నిలబడి తాగారే! మీకంటే ఆ గుమాస్తాగాడే నయం. వాడు మాతో కూర్చుని తినలేదు."

బ్రాకెన్ నిండుగ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. వాడి వెనక ఒక్కొక్కరే కుర్చీలు జరుపుకుని లేచారు. పబ్బు పిల్ల పెద్ద పళ్ళెంలో పుడ్డింగ్ తెచ్చేసరికి అంత పొడుగు బల్లకి ఆయనా నేనూ మిగిలాం. నాకు ముందు వడ్డించమని ఆ పిల్లకి సైగ చేశాడు.

కార్లో నా నోరు ఆగలేదు. "మీకేమైనా పిచ్చెక్కిందా సార్? జేబులో కాగితం పెట్టుకుని ఎవడో చేసిన పాపం నెత్తినేసుకుంటారా?"

"ఆ కాగితంలో వాళ్ళేమనుకున్నారో ఉంది హాస్కెల్. నేనేం అన్నానో కూడా అదే ఫైల్లో ఉంది. నేను అన్నాను కదా? జరిగేదా జరగదా అనేది తర్వాత సంగతి. ఆ కాగితం చూపిస్తే నా తప్పు ఇంకోడి మీదికి తోసినట్టుంటుంది." జేబులోంచి తీసి నా పక్క సీట్లో పడేశాడు. "ఇది ఎవరికీ చూపించొద్దు. ఆర్డరు అనుకో."

"నేను యూనిఫారం విప్పి పాతికేళ్ళయింది సార్. మీ ఆర్డర్లు నామీద చెల్లవు."

"సరే, అయితే మనవి అనుకో," అన్నాడు మెత్తగా.

ఆర్డరయితే ధిక్కరించేవాణ్ణి, ఒట్టు. మనవి అనేసరికి నా నోరు పడిపోయింది.

ఇంటికొచ్చి మా ఆవిడ మేవిస్‌కి అంతా చెప్పాను. బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నదల్లా కత్తి పక్కన పెట్టింది.

"నీ బుద్ధి గడ్డి తిందా? పట్టుకెళ్ళి ఆ బ్రాకెన్ మొహాన కొట్టు."

"ఆయన వద్దన్నాడే."

"ఆయన వద్దనక ఏం చేస్తాడు? వద్దనడం ఆయన వంతు, కాదనడం నీ వంతు. అది కూడా ఆఖరి శాండ్‌విచ్చే కదయ్యా! నువ్వూ ఆ కమిటీవాళ్ళలాగే 'సరే సార్' అని ఊరుకున్నావు."

"బావుండదే," అన్నాను. అన్నాక ఆ మాట ఎవరిదో గుర్తొచ్చింది గానీ వెనక్కి తీసుకోలేదు.

మరుసటి ఏడు భోజనానికి ఆయన్ని పిలవలేదు. ఆయన లేకుండా నేనూ వెళ్ళలేదు. రోజూ పొద్దున్న తొమ్మిదికి జనరల్ కుక్కని తీసుకుని బ్రాకెన్ ఇంటి ముందు నుంచి నడిచేవాడు. "గుడ్ మార్నింగ్ బ్రాకెన్," అని టోపీ ఎత్తేవాడు. అదే సమయానికి బ్రాకెన్ వీపు తిప్పి కంచె మొక్కలు కత్తిరించేవాడు. వేరే దారిలో వెళ్ళొచ్చు కదా సార్ అంటే, "దారి మారిస్తే అతను బాధపడతాడోయ్," అనేవాడు. రోజూ కత్తిరించి కత్తిరించి, మనిషెత్తు కంచె మోకాలెత్తుకి వచ్చేసింది. ఆ దారిన పోయేవాళ్ళకి బ్రాకెన్ వంటిల్లు కూడా కనపడేది. ఊళ్ళో అందరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. ఆ కాగితం మా ఇంట్లో టీపొడి డబ్బా కింద ఉండేది.

ఇలా మూడేళ్ళు. రెండువేల రెండు మార్చిలో ఆయన నిమోనియాతో పోయాడు. ఆస్పత్రిలో నర్సు ఇంజక్షన్ తెస్తే పక్క మంచమాయనకి ముందివ్వమన్నాడట. జనరల్ అన్నవాడి అంత్యక్రియలకి బ్యాండు, గుర్రాలు రావాలి. లండన్ నుంచి ఒక కుర్ర కెప్టెన్ వచ్చాడు, పేరు తప్పు పలికాడు. ఊరివాళ్ళు ఓ పదిమంది. పటాలం నుంచి నేనొక్కణ్ణే.

చర్చిలో పాట అయ్యి అందరూ సమాధి దగ్గరికి నడుస్తుంటే గేటు బయట బ్రాకెన్ కనిపించాడు. మెడల్స్ అన్నీ పెట్టుకుని వచ్చాడు. లోపలికి మాత్రం రావడం లేదు. ఇనపగేటు పట్టుకుని నిలబడ్డాడు. నేను ఆ పొద్దున ఎందుకో టీపొడి డబ్బా ఎత్తి కాగితం జేబులో వేసుకున్నాను. వెళ్ళి వాడి చేతికిచ్చాను.

వాడు చదవడానికి చాలాసేపు పట్టింది. పెదాలు కదుపుతూ చదివాడు.

"ఇదెక్కడిదిరా?"

"కచేరీ నుంచి నేనే తెచ్చాను."

"ఆయన చూశాడా?"

"ఆ రోజు భోజనంలో ఆయన జేబులోనే ఉంది టెడ్."

వాడు గేటు వదిలేశాడు. "అయితే ఈ మూడేళ్ళూ నీ దగ్గరే ఉందా ఇది?"

"ఎవరికీ చూపించొద్దన్నాడు. మనవి అన్నాడు."

"వద్దంటే మానేశావా! రోజూ పలకరించాడురా నన్ను. వానొచ్చినా వచ్చాడు. నేనొక్కసారి తల తిప్పితే సరిపోయేది. ఒక్కసారి. నువ్వు పక్క వీధిలో ఉండి నాకొక ముక్క చెప్పలేకపోయావా లెన్?"

ఆయనకి ఇరవై ఆరుమంది ఉండేవారు. ఆ ఇరవై ఆరుమందినీ ఆయనకి తిరిగి తెచ్చే కాగితం టీపొడి డబ్బా కింద పెట్టుకుని మూడేళ్ళు టీ తాగాను. సర్ పెరెగ్రిన్ ఆయన నోరొక్కటే మూయించాడనుకున్నాను. నాది కూడా మూతపడే ఉంది.

బ్రాకెన్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన జేబులో వేసుకున్నాడు. టోపీ సర్దుకుని, నన్ను భుజంతో పక్కకి తోసి, లోపలికి నడిచాడు. గోతి దగ్గర జనం జరిగి వాడికి చోటిచ్చారు.

నేను మాత్రం గేటు బయటే ఉండిపోయాను.